సరస్సు ఊళ్ళో రెండు రోజులు: ఏ వేళకి ఏది?

ప్రశ్న: మేం ఐదుగురం. నేను, మావారు, పదమూడేళ్ళ బాబు, ఎనిమిదేళ్ళ పాప, మోకాళ్ళ నొప్పులున్న మా అత్తగారు (68). వచ్చే నెల ఒక సరస్సు పక్కనున్న చిన్న ఊరికి వెళ్ళి రెండు రాత్రులు ఉందామనుకుంటున్నాం. పోయినేడాది ఇలాంటి ఊరికే వెళ్ళాం. పదకొండింటికి దిగాం. బోటు కోసం గంటన్నర క్యూలో నిలబడ్డాం. తీరా ఎక్కాక గాలికి బోటు ఊగిపోయి పాప ఏడుపు. తిన్న చేప మట్టి వాసన కొట్టింది. సాయంత్రమయ్యేసరికి ఏం చెయ్యాలో తోచక అందరం ఫోన్లు పట్టుకు కూర్చున్నాం. కొన్న కప్పుల్లో రెండు ఇంటికొచ్చేసరికి పగిలాయి. ఏం చూడాలో నెట్‌లో దొరుకుతుంది. ఎలా గడపాలో చెప్పండి. అసలు రెండో రాత్రి అవసరమా?

సమాధానం:

మీ తిప్పలకి మూలం మీ ఉత్తరంలోనే ఉంది: "పదకొండింటికి దిగాం." ఆ వేళకి సరస్సు ఊళ్ళో రోజులోని మంచి భాగం అయిపోయి ఉంటుంది. బోటు క్యూ, పాప ఏడుపు, సాయంత్రం తోచకపోవడం అన్నీ దాని పిల్లలే. చేప సంగతి మాత్రం వేరు, దాని దగ్గరికి తర్వాత వద్దాం.

ఎండ ఎక్కేకొద్దీ నేల తొందరగా కాగుతుంది, నీళ్ళు నిదానంగా కాగుతాయి. నేల మీది వేడిగాలి పైకి లేస్తే ఆ చోటులోకి సరస్సు మీది చల్లగాలి వచ్చి పడుతుంది. అందుకే ఎండకాసే రోజుల్లో మామూలుగా పది, పదకొండు దాటాక నీటి మీంచి ఒడ్డుకి గాలి మొదలవుతుంది. రెండు, నాలుగు మధ్య బలంగా వీచి, పొద్దు వాలేసరికి సద్దుమణుగుతుంది. రాత్రి ఒడ్డు మీంచి నీటి వైపు తిరుగుతుంది. చుట్టూ కొండలుంటే లోయగాలులూ కలుస్తాయి కాబట్టి లెక్క కొంచెం మారుతుంది. ఇటలీలోని గార్డా సరస్సు మీద పడవలవాళ్ళు ఈ గాలులకి పేర్లే పెట్టుకున్నారు. ఉత్తరం నుంచి పొద్దున వచ్చేది పెలేర్, దక్షిణం నుంచి మధ్యాహ్నం వచ్చేది ఓరా. అక్కడ పొద్దుటిపూట కూడా గాలే అన్నమాట. కాబట్టి దిగిన సాయంత్రమే రేవులో పడవలు కట్టేసేవాళ్ళని ఒక్క ప్రశ్న అడగండి: "ఇక్కడ గాలి ఎన్నింటికి లేస్తుంది, ఎటు నుంచి?" వాళ్ళు క్షణం ఆలోచించకుండా చెబుతారు. మీ రెండు రోజుల టైమ్‌టేబుల్ సగం ఆ జవాబులోనే ఉంటుంది.

మిగతా సగం జనానిది. ఇలాంటి ఊళ్ళకి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది పొద్దున వచ్చి సాయంత్రం పోయేవాళ్ళే. పదిన్నర నుంచి నాలుగున్నర దాకా ఊరు వాళ్ళది. రాత్రి అక్కడే ఉండేవాళ్ళకి దాని ముందూ వెనకా దొరుకుతాయి. గదికి డబ్బు కట్టి కూడా మళ్ళీ పదకొండింటికే రేవుకి వెళ్ళేవాళ్ళని చూస్తే జాలేస్తుంది.

అందుకని ఊరు చేరేది మధ్యాహ్నం మూడూ నాలుగు మధ్య అయ్యేలా బయల్దేరండి. గది తాళం తీసుకుని, కాస్త నడుం వాల్చి, ఐదింటికి ఒడ్డుకి రండి. బోట్లు మర్నాడు పొద్దున, మొదటి ట్రిప్పుకి. నడక ఆ తర్వాత, ఎండ ముదరకముందు. పన్నెండుకల్లా భోజనం. జనం ముమ్మరంగా ఉండే ఒంటి గంట, నాలుగు మధ్య గదిలో నిద్ర. కొట్లు ఐదు తర్వాత. పిల్లలు మధ్యాహ్నం నిద్రకి ఒప్పుకోరు, కానీ ఆరున్నరకి లేచి తెడ్డేసిన పిల్లలు వాళ్ళంతట వాళ్ళే పడుకుంటారు.

వారంలో ఏ రోజన్నది కూడా ముఖ్యమే. శని, ఆదివారాలు వద్దని మీకే తెలుసు. చాలామంది తెలివిగా ఆదివారం సాయంత్రం దిగి మంగళవారం తిరిగొస్తారు, అక్కడే దెబ్బ తింటారు. వారాంతం అంతా పనిచేసిన చిన్న ఊరు సోమవారమో మంగళవారమో తలుపులు వేసుకుంటుంది. మంచి హోటలు, మ్యూజియం, కుండలు చేసే ఆయన కొట్టు అన్నీ ఒకే రోజు మూతపడి ఉంటాయి. బుధవారం దిగి శుక్రవారం బయల్దేరడం అన్నిటికంటే నయం. ఆ ఊరి సంత ఏ రోజో ముందే కనుక్కుని ఆ రోజు ఊళ్ళో ఉండేలా చూసుకుంటే ఇంకా మంచిది.

ఇక బోటు. పెడల్ బోటైనా తెడ్ల పడవైనా కొత్తవాళ్ళు నడిపితే నడక వేగమే, గంటకి మూడు నాలుగు కిలోమీటర్లు. అరగంటకి అద్దెకి తీసుకుంటే పోనూ రానూ కలిపి కిలోమీటరున్నర అనుకోండి. అందరూ చేసే పొరపాటు గాలివాటుకి హాయిగా పోవడం. పోయేటప్పుడు కాళ్ళు ఆడించకపోయినా సాగిపోతుంది. తిరిగొచ్చేటప్పుడు ఎదురుగాలిలో కాళ్ళు పీకుతాయి, బోటు కదలదు, టైము దాటిందని అద్దె పెరుగుతుంది, వెనక సీట్లో పాప ఏడుపు అందుకుంటుంది. ముందు గాలికి ఎదురెళ్ళండి. సగం టైము అవగానే తిప్పండి. వచ్చేటప్పుడు గాలే తోస్తుంది. అలల మీద అక్కడక్కడా తెల్లటి నురుగు కనిపిస్తోందంటే పెడల్ బోటు ఎక్కే వేళ కాదు, ఎంత బతిమాలినా సరే. సరస్సు అలలు సముద్రపు అలలంత పెద్దవి కావు కానీ పొట్టిగా, నిటారుగా, దగ్గర దగ్గరగా వస్తాయి. చిన్న బోటుని కుదిపేది అదే.

తెడ్లు బాబుకివ్వండి, నేర్చుకునే వయసే. తెడ్డేసేవాడు వెళ్ళే వైపుకి వీపు పెట్టి కూర్చుంటాడు కాబట్టి ముందేముందో కనపడదు. తను చూస్తున్న ఒడ్డు మీద ఒక చెట్టునీ, దాని వెనక దూరంగా ఇంకోదాన్నీ గుర్తు పెట్టుకుని ఆ రెండూ ఒకే వరసలో ఉండేలా చూసుకుంటే పడవ గీత గీసినట్టు తిన్నగా పోతుంది. తెడ్డు లోతుగా ముంచక్కర్లేదు, రేకు మునిగితే చాలు. లోతుగా ముంచితే బయటికి లాగడానికే బలమంతా పోతుంది. ఎదురొచ్చే బోట్లని చూసి చెప్పే పని పాపది. అప్పుడు భయం కూడా తగ్గుతుంది, ఎందుకంటే తనకో ఉద్యోగం ఉంటుంది.

లైఫ్ జాకెట్ లోపలి లేబుల్ చదవండి. 50 న్యూటన్లని (నీటిలో తేల్చే బలానికి కొలత) ఉంటే అది ఈత వచ్చినవాళ్ళకి ఆసరా మాత్రమే, మొహాన్ని నీటి పైకి తిప్పదు. 100 అయితే లైఫ్ జాకెట్ అనదగినది. పిల్లలది వాళ్ళ బరువుకి సరిపోయేదై ఉండాలి. బకిల్స్ పెట్టాక భుజాల దగ్గర రెండు చేతులతో పట్టి పైకి లాగండి. జాకెట్ గడ్డం దాటి చెవుల దాకా లేచిందంటే పెద్దది, మార్పించండి. నీళ్ళలో పడ్డప్పుడు జరిగేదీ అదే, జాకెట్ తేలుతుంది, పాప అందులోంచి కిందికి జారుతుంది. తొడల మధ్య నుంచి వచ్చే పట్టీ ఉంటే తప్పకుండా బిగించండి. సీటు గట్టిగా ఉందని జాకెట్‌ని కింద వేసుకుని కూర్చునేవాళ్ళు ప్రతి రేవులోనూ ఉంటారు.

అత్తగారికి చిన్న బోట్లు వద్దు. ఊగడం సంగతి అలా ఉంచండి, ఎక్కడమూ దిగడమూ కష్టం. ఒక కాలు రేవు మీద, ఒక కాలు బోటులో పెట్టి ఆగితే బోటు పక్కకి జరుగుతుంది. పడేది సరిగ్గా అప్పుడే. పెద్ద లాంచీకి టికెట్ కొనేముందు అడగాల్సినవి రెండు: ఎక్కడానికి పలక వేస్తారా, మెట్లా? మెట్లయితే ఎన్ని, పట్టుకోవడానికి కమ్మీ ఉందా? ఎక్కాక మధ్యలో సీటు చూడండి. ముందు భాగం ఎక్కువ ఎగిరిపడుతుంది, నీళ్ళు చిమ్ముతాయి. చివర ఇంజను చప్పుడు, పొగ. మధ్యలో ఊపు తక్కువ.

ఉరుము వినిపిస్తే ఒడ్డుకి వచ్చేయండి. ఆఖరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగి మళ్ళీ వెళ్ళండి. పరచుకున్న నీటి మీద ఎత్తైన వస్తువు మీరే.

పిల్లలు నీళ్ళలో దిగుతామంటారు. ఈతకని గుర్తు పెట్టిన చోటు ఉంటే అక్కడే, లేకపోతే మోకాలి లోతుతో సరి. పైన గోరువెచ్చగా ఉన్న నీరు నిలువు లోతుకి వెళ్ళేసరికి చల్లగా మారొచ్చు, ఎందుకంటే ఎండకి కాగిన పొర తేలికై పైనే ఉండిపోతుంది. చలిదేశాల్లోని లోతైన సరస్సుల్లో అడుగు నీరు నడివేసవిలోనూ 4 డిగ్రీల దగ్గరే ఉంటుంది, నీటికి అన్నిటికంటే ఎక్కువ సాంద్రత ఆ ఉష్ణోగ్రత దగ్గరే మరి. 15 డిగ్రీల కంటే చల్లటి నీళ్ళలో ఒక్కసారిగా పడితే ఊపిరి ఎగపోస్తుంది, ఈత వచ్చినవాళ్ళు కూడా అప్పుడే మునిగిపోతారు. ఒకటి రెండు నిమిషాలు కాళ్ళూ చేతులూ కొట్టుకోకుండా వెల్లకిలా తేలితే ఊపిరి కుదుటపడుతుంది. బాబుకి ఇది ముందే చెప్పి ఉంచండి.

ఒడ్డున నీళ్ళ మీద ఆకుపచ్చ పెయింటు ఒలకబోసినట్టు తెట్టు కనిపిస్తే కాలు కూడా పెట్టకండి. నాచు అంటారు గానీ అది సయనోబాక్టీరియా, కొన్ని రకాలు విషాన్ని వదులుతాయి. కాచినా ఆ విషం పోదు. గాలి దాన్ని ఒక ఒడ్డుకి చేరవేస్తుంది కాబట్టి ఇటు ఒడ్డు పచ్చగా, అటు ఒడ్డు తేటగా ఉండడం మామూలే. తేట ఒడ్డులో ఆడుకున్నా బయటికి రాగానే తువ్వాలుతో గట్టిగా తుడవండి. నత్తలున్న లోతు తక్కువ నీళ్ళలో ఒక పరాన్నజీవి చర్మంలోకి దూరి కొన్ని రోజుల పాటు దురద పెడుతుంది. ఒంటి మీదే నీళ్ళు ఆరనిస్తే దానికి దారిచ్చినట్టే.

ఇప్పుడు మీ చేప. మట్టి వాసన వచ్చిందంటే కుళ్ళిందని కాదు. ఆ వాసనకి కారణం జియోస్మిన్ అనే పదార్థం. నీళ్ళలోని సయనోబాక్టీరియా, మట్టిలోని కొన్ని సూక్ష్మజీవులు దాన్ని తయారు చేస్తాయి. తొలకరి చినుకు పడగానే నేల లోంచి వచ్చే కమ్మటి వాసనలో ఉండేదీ అదే. వానలో అయితే ముక్కు ఎగబీల్చి పీలుస్తాం, కంచంలో అయితే పక్కకి నెడతాం. చేప దాన్ని మొప్పల గుండా పీల్చుకుని కొవ్వులో దాచుకుంటుంది. అందుకే తోలు, పొట్ట భాగం, పక్కన నిలువునా సాగే ముదురు ఎరుపు కండ, వీటిలో వాసన ఎక్కువ. నీళ్ళు వెచ్చగా, పచ్చగా ఉండే నెలల్లో ఇంకా ఎక్కువ. తప్పించుకునే దారులు మూడున్నాయి. పట్టిన చేపని కొన్ని రోజులు శుభ్రమైన పారే నీళ్ళలో ఉంచితే వాసన దిగుతుంది, ఈ పని చేసే హోటలువాడు గర్వంగా చెప్పుకుంటాడు, అడగండి. రెండోది, తోలూ ఎర్ర కండా తీయించడం. మూడోది పులుపు. నిమ్మ, వెనిగర్, చింతపండు ఏదైనా సరే, ఆమ్లం తగిలితే జియోస్మిన్ రూపం మారి వాసన తగ్గుతుంది. కాబట్టి అనుమానంగా ఉంటే ఉత్త ఉప్పేసి కాల్చింది కాకుండా పుల్లగా వండింది తెప్పించుకోండి.

కుళ్ళు సంగతి వేరు. చూపించి వండే చోటయితే మొప్ప ఎత్తి చూడండి. ఎర్రగా, తడిగా ఉంటే మంచిది, గోధుమ రంగుకి తిరిగితే వద్దు. వేలితో నొక్కితే గుంట వెంటనే పూడాలి. కన్ను ఉబ్బెత్తుగా ఉండాలి. మంచులో పెట్టినవాటికి కన్ను కొంచెం మసకబారుతుంది కాబట్టి ఒక్క కన్ను చూసే తీర్పు ఇవ్వకండి. ఇంకో మాట. సరస్సు ఒడ్డున అమ్మే ప్రతి చేపా ఆ సరస్సుది కాదు. పెంపకపు చెరువుల నుంచో, ఫ్రీజర్ నుంచో వచ్చేవి ఎన్నో. అందులో తప్పేం లేదు, సరస్సు చేప ధర అడిగితేనే తప్పు. "ఇవాళ ఏం పడింది?" అని అడిగితే నిజంగా ఏరోజుకారోజు కొనేవాడు ఒకటో రెండో పేర్లు చెబుతాడు, ఫలానాది లేదని కూడా అంటాడు. అన్నీ ఉన్నాయన్నాడంటే ఫ్రీజర్ నిండుగా ఉందని అర్థం.

మెనూలో ధర 100 గ్రాములకని ఉంటే ఆ బరువు పచ్చి చేపదా, బాగుచేశాకా అన్నది తేల్చుకోండి, మీ ముందే తూయించండి. తల, పొలుసు, పొట్టలోవి పోగా బరువులో మూడో వంతు దాకా తరుగు పోతుంది. ముల్లు తీసిన ముక్కలే కావాలంటే సగానికి పైగా పోతుంది. చేపే ప్రధానమైతే పెద్దవాళ్ళకి మనిషికి 300 నుంచి 350 గ్రాముల పచ్చి బరువు సరిపోతుంది. మీ ఐదుగురికీ కిలోన్నర లోపు చాలు. రెండు కిలోలది చూపించి "ఇదే చిన్నది సార్" అంటే సగం అడగండి.

పాపకి ముళ్ళ భయం ఉంటుంది. బొచ్చె లాంటి కార్ప్ జాతి చేపల్లో కండ మధ్యలో చీలిన సన్నముళ్ళుంటాయి. వెన్నుకి అతుక్కుని ఉండవు కాబట్టి వెన్నుముల్లు తీసినా అవి పోవు. క్యాట్‌ఫిష్, తిలాపియా, పెర్చ్ రకాల్లో ఈ బెడద ఉండదు, పిల్లలకీ పెద్దావిడకీ అవి చెప్పండి. కార్ప్ తప్పకపోతే అడ్డంగా మూడు, నాలుగు మిల్లీమీటర్లకో గాటు పెట్టి నూనెలో వేయించింది అడగండి. ముళ్ళు తునిగి, గాట్లలోకి వేడి నూనె చేరి కరకరలాడిపోతాయి. నిమ్మరసంలో నానబెట్టిన పచ్చి మంచినీటి చేప మాత్రం ఎంత అందంగా వడ్డించినా వద్దు. మంచినీటి చేపల్లో కాలేయపు పురుగులు, బద్దెపురుగులు ఉండే అవకాశం ఉంది. పులుపు వాసనని తగ్గిస్తుంది గానీ పురుగుని చంపదు. లోపలి దాకా 63 డిగ్రీల వేడి తగలాలి. అంటే కండ తెల్లబడి, ఫోర్కు పెడితే రేకులుగా విడిపోవాలి.

ఎక్కడ తినాలన్నది ఎక్కువమంది అడిగే ప్రశ్న గానీ జవాబు చిన్నదే. నీళ్ళకి ఎదురుగా ఉన్న వరసకి అద్దె ఎక్కువ, వచ్చినవాడు మళ్ళీ వస్తాడన్న ఆశ తక్కువ. ఒక వీధి వెనక్కి వెళితే ఊరివాళ్ళు తినే చోట్లు ఉంటాయి. భోజనం అక్కడ కానివ్వండి. ఒడ్డు మీద కాఫీయో, ఐస్‌క్రీమో సరిపోతుంది, కుర్చీకి అద్దె కట్టినట్టే అనుకోండి. చిన్న ఊళ్ళలో మధ్యాహ్నం భోజనాలయ్యాక రాత్రి దాకా వంటిల్లు మూసేసే హోటళ్ళు చాలా ఉంటాయి. మూడింటికి ఆకలితో బయల్దేరితే చిప్స్ ప్యాకెట్లే దిక్కు. రాత్రికి ఐదుగురికి టేబుల్ కావాలని పొద్దున్నే చెప్పి పెట్టండి.

సాయంత్రం తోచలేదన్నారు. ఎటు ఒడ్డున కూర్చున్నారో చూసుకున్నారా? నీళ్ళ మీద సూర్యాస్తమయం కనిపించేది తూర్పు ఒడ్డు నుంచి. పడమటి ఒడ్డున ఉంటే పొద్దు మీ వెనకాల ఇళ్ళలోకి దిగిపోతుంది, అటువాళ్ళకి సూర్యోదయం బాగుంటుంది. ఎంతసేపుందో లెక్క కట్టే పని బాబుకివ్వండి. చెయ్యి బారుగా చాపి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు దాదాపు 10 డిగ్రీలు. సూర్యుడు గంటకి 15 డిగ్రీలు కదులుతాడు. అంటే సూర్యుడికీ అవతలి కొండ అంచుకీ మధ్య ఒక పిడికిలి పడితే సుమారు నలభై నిమిషాలు. భూమధ్యరేఖకి బాగా దూరంగా ఉన్న దేశాల్లో సూర్యుడు ఏటవాలుగా దిగుతాడు కాబట్టి ఇంకొంచెం ఎక్కువ. కొలవాల్సింది కొండ అంచు దాకా, నీటి దాకా కాదు. కొండల మధ్య ఊళ్ళో క్యాలెండరులో రాసిన వేళకంటే ముందే పొద్దు మాయమవుతుంది. పొద్దు దిగగానే అందరూ లేచిపోతారు. మీరు ఇంకో ఇరవై నిమిషాలు కూర్చోండి, మబ్బులుంటే రంగులు అప్పుడే ముదురుతాయి. ఆ వేళకే దోమలూ వస్తాయి కాబట్టి పొడుగు చేతుల చొక్కాలు వేసుకుని, దీపం కిందున్న టేబుల్‌కి దూరంగా కూర్చోండి. దీపం చుట్టూ ముసిరే సన్నటి పురుగులు చాలావరకు కుట్టవు గానీ గ్లాసుల్లో పడతాయి.

గాలి పడిపోయిన సాయంత్రానికి ఇంకో ఆట ఉంది, రాయిని నీటి మీద కప్పలా గెంతించడం. అరచేతిలో సగం పట్టే పలచటి గుండ్రాయి ఏరుకోవాలి. చూపుడువేలు అంచు చుట్టూ చుట్టి, మోకాళ్ళు వంచి, నడుం ఎత్తు నుంచి పక్కవాటుగా విసరాలి. వదిలేటప్పుడు వేలితో గిర్రున తిప్పాలి. తిరగని రాయి మొదటి దెబ్బకే పల్టీ కొట్టి మునుగుతుంది. రాయి ముందు అంచు కొంచెం పైకి ఉండాలి. 2004లో నేచర్ పత్రికలో ఫ్రెంచ్ శాస్త్రవేత్తలు దీన్ని యంత్రంతో విసిరి కొలిచారు. రాయికీ నీటికీ మధ్య కోణం 20 డిగ్రీల దగ్గర ఉంటే బాగా గెంతుతుందని తేల్చారు. 2013లో కర్ట్ స్టైనర్ అనే అమెరికన్ 88 గెంతులతో గిన్నిస్ రికార్డు కొట్టాడు. మీ పాపకి నాలుగొస్తే గొప్పే. ఈతగాళ్ళూ బాతులూ లేని వైపు చూసుకోండి. బాతులకి బ్రెడ్డు వెయ్యకండి, మిగిలింది కుళ్ళి నీళ్ళలో ఇందాకటి పచ్చ తెట్టుకి ఎరువవుతుంది.

నడకకి వెళ్ళేముందు ఒక లెక్క. నీటి మీద దూరం కళ్ళని మోసం చేస్తుంది. మధ్యలో చెట్లూ ఇళ్ళూ లేవు కాబట్టి అవతలి ఒడ్డు చెయ్యి చాపితే అందేలా ఉంటుంది. కానీ గుండ్రటి సరస్సు అడ్డంగా కిలోమీటరుంటే చుట్టూ మూడు కిలోమీటర్ల పైమాటే, ఒడ్డు వంపులు తిరిగితే నాలుగు ఐదు. సగం చుట్టాక మోకాళ్ళు మొరాయిస్తే వెనక్కీ అంతే, ముందుకీ అంతే. అత్తగారితో చుట్టూ తిరగాలని పెట్టుకోకండి. లాంచీ ఆగే రెండో రేవు దాకా లాంచీలో వెళ్ళి అక్కణ్ణుంచి నడిచి రండి, లేదా నడిచి వెళ్ళి లాంచీలో రండి. ఆఖరి లాంచీ ఎన్నింటికో ముందే చూసుకోవాలి. పొద్దుటిపూట తూర్పు వైపు కొండ కింద దారి నీడలో ఉంటుంది, మధ్యాహ్నం పడమటి వైపుది.

కొట్లలో ఒక విషయం తెలుసుకోండి. ప్రతి సరస్సు ఊళ్ళోనూ కనిపించే గవ్వల బొమ్మలు, అయస్కాంతపు బిళ్ళలు ఎక్కడో ఒకచోట టోకున చేసి అన్ని ఊళ్ళకీ పంపుతారు. మంచినీటి సరస్సులో సముద్రపు గవ్వ ఎలా వచ్చిందని పాపని అడగండి, సరదాగా ఉంటుంది. స్థానికంగా చేసినది కావాలంటే అమ్మేవాణ్ణి "ఇది విరిగితే బాగుచేస్తారా?" అని అడగండి. చేసినవాడి జవాబూ, తెచ్చి అమ్మేవాడి జవాబూ మొదటి ముక్కలోనే తేడా తెలిసిపోతాయి. చెక్క గరిటె అయితే చారలు కాడ వెంట నిలువుగా సాగాలి, అడ్డంగా ఉంటే అక్కడే విరుగుతుంది. వార్నిష్ మెరుపున్నది వంటకి వద్దు.

మీ కప్పుల దగ్గరికి వద్దాం. రెండు పగిలింది దారిలోనే అయుండొచ్చు, కొట్టులోనే సన్నటి బీట ఉండి ఉండొచ్చు. కొనేటప్పుడు కప్పుని అరచేతిలో నిలిపి గోటితో అంచు మీద కొట్టండి. బాగున్నది ఖంగుమంటుంది, బీటలున్నది డొల్లగా చప్పున ఆగిపోతుంది. మట్టి పాత్రల మోత పింగాణీ కంటే ఎప్పుడూ మందమే కాబట్టి ఒకే రకం నాలుగు తీసి ఒకదాంతో ఒకటి పోల్చాలి. అడుగు గరుకుగా ఉందేమో వేలితో తడమండి, ఇంట్లో టేబుల్ మీద గీతలు పెట్టేది అదే. సర్దేటప్పుడు ముందు కప్పు లోపల సాక్సు కుక్కండి. ఆ తర్వాత ఒక్కోదానికీ విడిగా చొక్కా చుట్టి, బ్యాగు మధ్యలో, అన్ని వైపులా ఐదు సెంటీమీటర్లు మెత్తగా ఉండేలా పెట్టండి. ఒకదాంట్లో ఒకటి దూర్చకండి. బ్యాగు గోడకి ఆనించినదే ముందు పగులుతుంది.

పొగబెట్టిన చేపని గాలి తీసేసిన ప్యాకెట్లలో అమ్ముతారు, చూడ్డానికి నెలల తరబడి నిలవుండేలా కనిపిస్తుంది. ఫ్రిజ్‌లో ఉన్నదాన్ని ఫ్రిజ్ బయట పెట్టకూడదు. గాలి లేని చోటే పెరిగే బాక్టీరియా ఒకటుంది, బొటులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు దాని విషం వల్లే వస్తుంది, వాసన కూడా రాకపోవచ్చు. ఐస్ బాక్సు లేకపోతే అక్కడే తిని రండి.

గది గురించి రెండు ముక్కలు. "లేక్ వ్యూ" అన్నది అన్ని రకాలుగా సాగే మాట. ఆ గది కిటికీలోంచి తీసిన ఫొటో పంపమనండి. అత్తగారికి కింది అంతస్తు, కిటికీలకి దోమల వల ఉండాలి. అది సహజమైన సరస్సు కాక ఆనకట్ట కట్టిన జలాశయమైతే మీరు వెళ్ళే నెలలో నీళ్ళెంత ఉంటాయో అడగండి. ఎండాకాలం చివర్లో ఒడ్డుకీ నీటికీ మధ్య రెండు వందల అడుగుల బురద ఎండి నెర్రెలిచ్చి ఉండొచ్చు.

రెండో రాత్రి అవసరమే. ఒక రాత్రి ఉంటే ఒకే పొద్దు దొరుకుతుంది, అది వానకో గాలికో పోతే మళ్ళీ పోయినేడాది కథే. బుక్ చేసేటప్పుడు రెండో రాత్రిని ముందురోజు రద్దు చేసుకోవచ్చో లేదో అడిగి పెట్టుకోండి. దిగిన రాత్రి ఎనిమిదింటికి మర్నాటి గాలి సూచన గంటల వారీగా చూడండి. పొద్దున ఏడుకి గంటకి 10 కిలోమీటర్ల లోపు చూపిస్తే పిల్లల బట్టలు రాత్రే తీసి పెట్టుకోండి. 20 దాటితే పెడల్ బోటు ఎల్లుండికి, రేపు లాంచీ, సంత. రెండు రోజులూ 20 పైనే చూపిస్తుంటే రెండో రాత్రి రద్దు చేసుకుని, కప్పులు కొనుక్కుని వచ్చేయండి.